వాడిన రెండేళ్ల తర్వాత ధర చెప్పకండి

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి అధ్యక్షులకు, సభ్యులకు కర్నూలు నుంచి ఒక గృహ వినియోగదారు రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

మీ కార్యాలయం ఇప్పుడు మా ఊళ్లోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. రాష్ట్రంలోని ప్రతి ఇంటి కరెంటు ధర మీ సంతకంతో ఖరారవుతుంది కాబట్టి, ఆ ధరతో నెలనెలా సతమతమయ్యేవాళ్ల మాట మీకు నేరుగా చెప్పాలనిపించింది. నేను లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన టీచరును. మా వీధిలో కరెంటు బిల్లు అర్థం కానివాళ్లు దాన్ని నా దగ్గరికి తెచ్చి చదివించుకుంటారు. అలా చదివి, ఎదుటివాళ్లకు నచ్చజెప్పలేకపోయిన ఒక్క విషయం గురించే ఈ లేఖ. ఒకసారి వాడేసిన యూనిట్ ధరను తర్వాత మార్చకండి. పెంచవలసి వస్తే పెంచండి, కానీ మేం స్విచ్ వేయకముందే చెప్పండి.

మా వీధి చివర రెండు గదుల ఇంట్లోకి 2024లో ఆదోని నుంచి ఒక కుటుంబం అద్దెకు వచ్చింది. ఆయన ఆటో నడుపుతాడు, ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పొదుపుగా బతికే మనుషులు. పగలు లైటు వేయకుండా ఆమె మిషన్ను కిటికీ పక్కకు జరుపుకుంటుంది. వచ్చిన కొన్ని నెలలకు బిల్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆ నెల వాడకానికి పడిన ఎనర్జీ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, యూనిట్‌కు ఆరు పైసల విద్యుత్ సుంకం వరుసగా ఉన్నాయి. వాటి కింద ఇంధన సర్దుబాటు పేరుతో వేరే పద్దులు. అందులో ఒకటి అంతకు రెండేళ్ల ముందు ఆ మీటరు మీద తిరిగిన యూనిట్లకు లెక్కగట్టినది. "టీచరమ్మా, అప్పుడు మేం ఆదోనిలో ఉన్నాం. ఈ ఇంట్లో ఎవరున్నారో కూడా మాకు తెలియదు. వాళ్ల కరెంటుకు మేమెందుకు కట్టాలి?" అని అడిగింది. ఇంటి యజమానిని అడిగితే మీటరు బిల్లు అద్దెకున్నవాళ్లదే అన్నాడట. బిల్లు తీసే కుర్రవాడిని అడిగితే మిషన్లో ఎంత వస్తే అంత ఇస్తానన్నాడట. ఇద్దరిదీ తప్పు కాదు. వాళ్లు చెప్పినది నిబంధనే. ఆమె డబ్బు కట్టేసింది, లేకపోతే మిషను ఆగిపోతుంది.

బస్సుతో పోల్చి చూడండి. కర్నూలులో ఎక్కి నంద్యాలలో దిగిపోయినవారి టికెట్టు చాల్లేదని, అప్పట్లో డీజిలు ధర పెరిగిందని, రెండేళ్ల తర్వాత అదే సీట్లో కూర్చున్న మరొకరి దగ్గర మిగతా సొమ్ము వసూలు చేస్తే ఎవరైనా ఒప్పుకుంటారా? మీటరును పట్టుకుని మనిషిని వదిలేస్తే జరిగేది ఇదే. ఊళ్లు మారుతూ బతికే కూలీలు, చిన్న ఉద్యోగులు, చదువుకోవడానికి వచ్చి గది తీసుకున్న పిల్లలు, అందరూ అద్దె ఇళ్లలోనే ఉన్నారు. ఈ పద్ధతి బరువు ముందుగా పడేది వాళ్ల మీదే.

ఈ అదనపు భారం ఎలా పుట్టిందో నాకు తెలుసు, మీకు ఇంకా బాగా తెలుసు. 2022 వేసవిలో దేశమంతటా బొగ్గు కొరత వచ్చింది. విదేశీ బొగ్గు కలపమని కేంద్రం చెప్పింది. రోజువారీగా కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజిలో యూనిట్ ధర ఆ మార్చిలో 20 రూపాయల దాకా ఎగబాకింది. ఆ తర్వాతే 12 రూపాయల పరిమితి పెట్టారు, 2023లో దాన్ని 10కి దించారు. మన రాష్ట్రంలో ఆ ఏప్రిల్లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించే పరిస్థితి వచ్చింది. అంత ధర పెట్టి కొన్న కరెంటు ఖర్చు మీరు ముందుగా ఆమోదించిన లెక్కను దాటిపోయింది. ఆ తేడా కోసం పంపిణీ సంస్థలు మీ దగ్గరకు వచ్చాయి. 2024 చివర్లో మీరు 2022-23కు సంబంధించి ఆరు వేల కోట్ల రూపాయలకు పైగా 15 నెలల్లో, 2023-24కు సంబంధించి తొమ్మిది వేల కోట్లకు పైగా 24 నెలల్లో వసూలు చేసుకోవడానికి అనుమతించారు. వాళ్లు అడిగినదంతా ఇవ్వలేదు, కోత పెట్టారు. ఆ మేరకు మీకు కృతజ్ఞతలు చెప్పవలసిందే. కానీ కోత పెట్టిన తర్వాత కూడా అది గడిచిపోయిన కాలానికి వేసిన ధరే.

దీని పక్కనే నెలవారీ సర్దుబాటు ఉంది. 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా మీ దగ్గరకు రాకుండానే వసూలు చేసుకునే వీలు సంస్థలకు కలిగింది. అదీ రెండు నెలల కిందటి వాడకం మీద పడుతుంది. 2024-25లో అలా వసూలు చేసినది అవసరానికి మించిపోయిందని తేలి, 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసల చొప్పున తిరిగి సర్దమని మీరే ఆదేశించారు. ఆ మొత్తం దాదాపు 923 కోట్లు. పత్రికలు దీన్ని శుభవార్తగా రాశాయి. నాకు మాత్రం ఇది నా వాదనకు ఆధారంగా కనిపించింది. 40 పైసలు అవసరమో కాదో తెలియకుండానే మా దగ్గర తీసుకున్నారు. అవసరం లేదని తేలేదాకా ఆ డబ్బు మా చేతిలో లేదు. ఎక్కువైనా తక్కువైనా అసలు ధర ఏమిటో వాడుకునే నాటికి వాడుకునేవాళ్లకు తెలియదు.

ఇంకో సంగతి చూడండి. ఈ 40 పైసలు అందరికీ ఒకటే. 30 యూనిట్లలోపు వాడే ఇంటికి యూనిట్ ధర 1.90 రూపాయలు, కాబట్టి ఆ ఇంటికి ఇది 21 శాతం పెంపు. 400 యూనిట్లు దాటి 9.75 రూపాయలు కట్టే ఇంటికి, ఆ పై యూనిట్ల మీద నాలుగు శాతమే. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే ఈ శ్లాబులు పెట్టిందే తక్కువ వాడేవారిని కాపాడటానికి. శ్లాబుల పట్టికతో ఒక చేత్తో ఇచ్చిన రక్షణను సర్దుబాటు పద్దు రెండో చేత్తో తీసుకుంటోంది. 2022 ఏప్రిల్ నుంచి గృహాల ధరల పట్టిక మారలేదని ప్రతి ఏడాదీ ప్రకటనలో చదువుతున్నాం. 1.90, 3, 4.50, 6, 8.75, 9.75 అన్న అంకెలు నిజంగానే మారలేదు. మారింది బిల్లు.

మా ప్రాంతపు ఎండను కూడా లెక్కలోకి తీసుకోండి. ఇక్కడ మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలు. బండల మిద్దె పగలంతా కాగి రాత్రి పదకొండు దాటినా సెగలు కక్కుతూనే ఉంటుంది. కూలర్ లేకుండా పసిపిల్లలు, ముసలివాళ్లు నిద్రపోలేరు. చలికాలంలో 225 యూనిట్లు వాడే ఇల్లు ఎనర్జీ చార్జీల కింద 1,017 రూపాయలు కడుతుంది. అదే ఇల్లు వేసవిలో 300కు వెళితే 1,673 అవుతుంది. పైన వాడిన ఆ 75 యూనిట్లకే 656 రూపాయలు. ఇంత కట్టాక, ఆ వేసవి యూనిట్ల మీదే ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ సర్దుబాటు వచ్చి పడుతుంది. ఎండాకాలం ఎక్కువ వాడినందుకు రెండోసారి కట్టించుకోవడం ఇది.

ఇప్పుడు నా మనసుకు అన్నిటికన్నా కష్టంగా ఉన్న విషయం చెబుతాను. మా సీమ నేల మీద పుట్టే కరెంటులో ఎక్కువ భాగానికి ఇంధన సర్దుబాటు అన్న మాటే వర్తించదు. కర్నూలుకు దగ్గర్లో గని, శకునాల గ్రామాల భూముల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. 2015 నవంబరులో ఆ పార్కు వేలంలో యూనిట్‌కు 4.63 రూపాయల ధర పలికినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. 2017 ఏప్రిల్లో కడప జిల్లా పార్కు వేలంలో అది 3.15కు దిగింది. ఎన్‌పీ కుంటలోనూ సోలార్ పలకలు పరిచారు. ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి కొండల మీద 1990ల నుంచే గాలిమరలు తిరుగుతున్నాయి. ఎండకు, గాలికి బిల్లు రాదు. వాటి ఒప్పందాలు ఏళ్ల తరబడి ఒకే ధరకు, సోలార్‌కైతే 25 ఏళ్లకు కుదురుతాయి. అంటే ఆ యూనిట్ వచ్చే నెల ఎంతకు వస్తుందో, పదేళ్ల తర్వాత ఎంతకు వస్తుందో కూడా సంస్థలకు ఇవాళే తెలుసు. ధర తెలియనిది బొగ్గుకు, ఎక్స్ఛేంజి కొనుగోలుకు. కలమళ్ల దగ్గర 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం కూడా మాదే, అక్కడికి బొగ్గు ఎన్ని వందల కిలోమీటర్లు రైలెక్కి వస్తుందో మాకు తెలుసు. ఆ ఖర్చు హెచ్చుతగ్గులు నిజమే, కాదనను.

గ్రిడ్‌లో కలిసిన కరెంటుకు ఊరి పేరు ఉండదనీ తెలుసు. గనిలో పుట్టిన యూనిట్ గనికే రావాలని నేను అడగడం లేదు. ధరలు రాష్ట్రమంతా ఒకటే, తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత సంస్థ పరిధిలో మేముంటే మిగతా జిల్లాలు విజయవాడ, విశాఖ సంస్థల పరిధిలో ఉన్నాయి. 2014 దాకా కర్నూలు, అనంతపురం హైదరాబాదు సంస్థ కింద ఉండేవి, కడప మొదటి నుంచీ తిరుపతి కిందే. సంస్థ మారినా మాకు ఎప్పుడూ ఒక్కటే దుకాణం. నచ్చకపోతే మరొకరి దగ్గర కొనుక్కునే అవకాశం ఇంటి వినియోగదారుకు లేదు. అందుకే చట్టం మిమ్మల్ని మధ్యలో నిలబెట్టింది. బేరమాడలేని మా తరఫున బేరమాడవలసింది మీరే.

2003 విద్యుత్ చట్టం 62(4) సెక్షన్ ధరను సాధారణంగా ఏడాదిలో ఒకసారికి మించి మార్చవద్దంటుంది. ఇంధన సర్చార్జికి మినహాయింపు ఇచ్చింది. మినహాయింపు అన్నది ఎప్పుడో తప్పనిసరై వాడుకునేది. ఇప్పుడు అది ప్రతి నెలా వచ్చే పద్దుగా మారింది. 56(2) సెక్షన్ రెండేళ్లు దాటిన బాకీని వసూలు చేయరాదంటుంది. బిల్లు వేసిన తర్వాతే ఆ సొమ్ము కట్టవలసిన బాకీ అవుతుందని, గడువు అప్పటి నుంచే లెక్కని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది కాబట్టి, ఈ సర్దుబాట్లకు ఆ సెక్షన్ అడ్డు రాదని సంస్థల న్యాయవాదులు అంటారు. చట్టం ప్రకారం సరే. కానీ ఆ గడువు పెట్టిన ఉద్దేశం సామాన్యుడు పాత లెక్కల భయం లేకుండా బతకాలనే కదా. ఆ ఉద్దేశాన్ని మీ నిబంధనల్లో కాపాడటానికి మీకు అధికారం ఉంది.

సంస్థలు నష్టపోతే ఎలా అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కొన్న కరెంటుకు డబ్బు కట్టకపోతే రేపు ఎవరూ అమ్మరు. రైతుల బోర్లకు ఇచ్చే ఉచిత విద్యుత్తు మీద నాకు ఏ పేచీ లేదు. చెరువులెండిన ఈ సీమలో అది లేకపోతే సేద్యం లేదు. దాని సబ్సిడీని ప్రభుత్వం ముందుగానే చెల్లించాలని 65వ సెక్షన్ చెబుతోంది, అది నెలనెలా సక్రమంగా అందేలా మీరు గట్టిగా పట్టుబట్టాలి. ఇక అంచనా తప్పిన ఖర్చు సంగతి. ప్రతి పైసా చివరికి వినియోగదారు దగ్గర రాబట్టుకోవచ్చని తెలిసిన సంస్థకు అంచనా జాగ్రత్తగా వేయవలసిన అవసరం ఏముంటుంది? ఏప్రిల్లో ఎండలు వస్తాయని, సాయంత్రం ఆరు దాటితే సోలార్ ఆగిపోతుందని, జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి బాగా వీస్తుందని, కృష్ణకు వరద వస్తే శ్రీశైలం కుడిగట్టు 770 మెగావాట్లు తిరుగుతాయని మాకే తెలుసు. వేసవి కోసం ముందు ఏడాదే తక్కువ ధరకు ఒప్పందం చేసుకోకుండా ఆఖరి నిమిషంలో ఎక్స్ఛేంజికి పరుగెత్తితే, ఆ తేడాలో కొంత భాగమైనా సంస్థే భరించాలి. ఆ భాగం ఎంతో మీరు నిర్ణయించండి. మిగిలినది వచ్చే ఏడాది ధరల్లో చేర్చండి. అలా చేరిస్తే ధర పెరగవచ్చు. అయినా దాన్ని బహిరంగ విచారణలో అందరి ముందు అడగవలసి వస్తుంది, మేం వాడేముందే తెలుస్తుంది, శ్లాబుల ప్రకారం పంచడానికి వీలుంటుంది. 75 యూనిట్లలోపు ఇళ్లను దాని నుంచి పూర్తిగా తప్పించండి. పాత వాడకాన్ని మీటరుకు అంటగట్టే పద్ధతి ఇంతటితో ఆపండి. అది ఆగేలోపు అద్దె ఇల్లు ఖాళీ చేసే కుటుంబానికి ఆ రోజు దాకా ఏ బాకీ లేదనే తుది లెక్క కాగితం, కొత్తగా దిగే కుటుంబానికి వెనకటి సర్దుబాటు పడదనే హామీ ఇప్పించండి.

ధర ముందే చెప్పడం అంటే పెంచేటప్పుడు మాత్రమే కాదు, తగ్గించేటప్పుడు కూడా. మధ్యాహ్నం మా చుట్టూ ఉన్న పార్కులు నిండుగా పనిచేస్తున్న వేళ కరెంటు చవక. సాయంత్రం ఖరీదు. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన నియమాల ప్రకారం, సేద్యం తప్ప మిగతా వినియోగదారులకు 2025 ఏప్రిల్ నుంచి వేళను బట్టి ధర అమలు కావాలి. సూర్యుడున్న వేళల్లో మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువ, గరిష్ఠ వాడకం వేళల్లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. స్మార్ట్ మీటరున్న వారికే ఇది కుదురుతుంది. ఆ మీటర్లంటే జనానికి ఎందుకు భయమో మీకు తెలియనిది కాదు. బిల్లులో ఎప్పుడు ఏ పద్దు పుడుతుందో తెలియని చోట, కొత్త మీటరు కూడా మరో వసూలు పరికరంగానే కనిపిస్తుంది. బలవంతంగా బిగించకుండా, ముందు తగ్గింపు చూపించండి. 8.75 శ్లాబులో ఉన్న ఇంటికి మధ్యాహ్నపు యూనిట్ మీద 1.75 రూపాయలు తగ్గుతుందని రాసి చూపిస్తే, మా ఇళ్లలో ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్ల ట్యాంకుకు మోటారు, దోసెల పిండికి గ్రైండరు, బట్టలు ఉతికే మిషను, ఇస్త్రీ పెట్టె అన్నీ పన్నెండుకు జరుగుతాయి. ఇంట్లో కుట్టుపని చేసుకునే ఆ ఆదోని ఆమెకైతే పనివేళంతా అదే. ఇష్టమున్నవారు చేరే పథకంగా మొదలుపెట్టి, సాయంత్రపు పెంపు మాత్రం మొదటి ఏడాది ఇళ్ల మీద వేయకండి. దీపం పెట్టే వేళ, వంట వేళ, పిల్లల చదువు వేళ అదొక్కటే, వాటిని జరుపుకోలేం.

ఇంటి పైకప్పు మీద సోలార్ పెట్టుకోవచ్చు కదా అంటారు. 2024లో మొదలైన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ వస్తుంది, మంచిదే, సొంత ఇల్లున్నవారికి నేనే చెప్పి దరఖాస్తు చేయిస్తున్నాను. అద్దెకున్నవారికి పైకప్పు ఎక్కడిది? వాళ్లకు సూర్యుడు అందే దారి మీ ధరల పట్టిక ఒక్కటే.

సాయంత్రపు కొరతకు పరిష్కారం కూడా మా పక్కనే ఉంది. పాణ్యం దగ్గర పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టుకు 2022 మే నెలలో శంకుస్థాపన జరిగింది. పగటి కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎత్తి, రాత్రి కిందికి వదిలి మళ్లీ కరెంటు తీసే ఏర్పాటది. అలాంటి నిల్వను మన పంపిణీ సంస్థలు ఎంతకు కొనగలవో, ఎక్స్ఛేంజిలో సాయంత్రం పెట్టే ధరతో పోలిస్తే ఎంత మిగులుతుందో రాబోయే ప్రతిపాదనల్లో లెక్క చూపించమని వాళ్లను ఆదేశించండి. మా కొండలు, మా చెరువులు, మా భూములు ఇందులో ఉన్నాయి. ఆ లెక్క అడిగే హక్కు మాకు ఉందనుకుంటాను.

చివరిగా విచారణ సంగతి. ఏటా నవంబరు నెలాఖరుకు సంస్థల ప్రతిపాదనలు మీ ముందుకు వస్తాయి, జనవరిలో మీరు అభిప్రాయాలు వింటారు. 2025 జనవరిలో కర్నూలులోనే వినడం నాకు సంతోషం కలిగించింది. ఈసారి ఆదివారం ఒక పూట గృహ వినియోగదారులకే కేటాయించండి. పనిదినాల్లో వస్తే కూలి పోయేవాళ్లు ఆ పూట రాగలరు. ప్రకటనతోపాటు తెలుగులో ఒక్క పేజీ వేయించండి. 30, 75, 125, 225, 300 యూనిట్లు వాడే ఇంటికి ఆ ప్రతిపాదన ప్రకారం నెలకు మొత్తం ఎంత పడుతుందో, సర్దుబాట్లతో సహా, అందులో ఉండాలి. ఆ పేజీలో లేని ఏ మొత్తాన్నీ ఆ ఏడాది యూనిట్ల మీద తర్వాత వసూలు చేయబోమని కిందే రాసి సంతకం పెట్టండి. విచారణకు నేను వస్తాను, మా వీధివాళ్ల బిల్లులు తెస్తాను.

ఇట్లు,
ఒక గృహ వినియోగదారు,
కర్నూలు